నీళ్ళు కోసే పిట్ట

శనివారం కనక బడి లేదు. జ్ఞానప్రకాశం పంతులు పొద్దున్నే స్నానం చేసి, అరుగు మీద చాప పరుచుకుని, మర్నాడు చర్చిలో చదవాల్సిన వాక్యం చూసుకుంటున్నాడు. లోపల సువార్తమ్మ చింతచిగురూ రొయ్యలూ పొయ్యి మీద పెట్టింది. పెరటి గోడకి ఆనుకుని కూర్చున్న ముసలాయన చిట్టియ్య, కొడుకు చదువుకి అడ్డం రాకుండా గొంతు తగ్గించి కోడలితో మాట్లాడుతున్నాడు.

“అమ్మాయ్, జెముడుకాకి కూస్తోంది విన్నావా? ఆ కంపలో గుడ్లు పెట్టి ఉంటుంది. రెండు వారాలు అటేపు పుల్లలు విరవకు.”

“కళ్ళు ఆనకపోయినా పిట్టల కాపరాలన్నీ మీకే కావాలండి మావయ్యా,” అని నవ్వింది సువార్తమ్మ.

అంతలో వీధి గుమ్మంలో టపా బంట్రోతు కేక వేశాడు. చంకలో మైనపు గుడ్డతో కుట్టిన పెద్ద కట్ట ఒకటి ఉంది. “ఇంగ్లండు సీమ నుంచండి పంతులుగారూ. మీకు కాదు, మీ నాన్నగారి పేర వచ్చింది.”

జ్ఞానప్రకాశం లేచి నిలబడ్డాడు. కట్ట మీది చేతిరాత అతను ఎరిగినదే. హార్లే దొరది.

ఆ దొర ఒకప్పుడు ధవళేశ్వరంలో కాలువల మీద పని చేసేవాడు. పనికన్నా పిట్టల మీద ధ్యాస ఎక్కువ. చిట్టియ్య అప్పటికి ముప్పై ఏళ్ళుగా గోదావరి లంకల్లో వలలూ ఉచ్చులూ వేసి, పూరేళ్ళూ నీటికోళ్ళూ పట్టి అమ్ముకుని బతుకుతున్నవాడు. ఏ పిట్ట ఏ నెలలో ఏ ఇసుకతిప్ప మీద వాలుతుందో ఆయన చెప్పేవాడు, దొర రాసుకునేవాడు, బొమ్మ వేసుకునేవాడు. మూడేళ్ళు ఇద్దరూ ఒకే పడవలో తిరిగారు.

జ్ఞానప్రకాశం మిషను బడిలో పెద్ద పంతులు అయిన ఏడు ఆ తిరుగుడు ఆగిపోయింది. ఆపింది అతనే. చిన్నప్పుడు బడిలో తోటి పిల్లలు అతని పక్కన కూర్చునేవారు కాదు. చొక్కా నుంచి ఈకల కంపు వస్తోందనేవారు, పిట్టలోడా అని పిలిచేవారు. ఆ పిలుపు వదిలించుకోవడానికి అతనికి ఇరవై ఏళ్ళు పట్టింది. “నేను కుర్చీలో కూర్చుంటే, నువ్వు సంచి భుజాన వేసుకుని దొర వెంట తిరుగుతావా నాన్నా? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?” అన్నాడు ఒకరోజు. చిట్టియ్య మర్నాటి నుంచి పడవ ఎక్కలేదు. ఆ వేసవిలోనే దొర సీమకి వెళ్ళిపోయాడు. మరుసటేడు జ్వరం వచ్చి తల్లి సూరమ్మ పోయింది. తరవాత మెల్లిగా ముసలాయన కళ్ళకి పొరలు కమ్మాయి.

“ఏంట్రా అది?” అన్నాడు చిట్టియ్య, గోడ పట్టుకుని లేస్తూ.

సువార్తమ్మ కత్తిపీటతో కుట్లు తెంపింది. తోలు అట్టతో పెద్ద పుస్తకం బయటపడింది. నిండా పిట్టల బొమ్మలు. ఒక్కొక్క బొమ్మకీ చేత్తో రంగులు అద్ది, మీద పల్చటి కాగితం కప్పారు.

“దొరగారి పిట్టల పుస్తకం మావయ్యా! అచ్చయింది!”

ముసలాయన అరుగు మీదకి దాదాపు పరుగెత్తి వచ్చాడు. చేతులు పంచెకి తుడుచుకుని పుస్తకాన్ని నిమిరాడు. “చెప్పమ్మా, ఒక్కొక్కటే చెప్పు. కంగారు పడకు.”

“ఇది లకుముకిపిట్ట. కొమ్మ మీద కూర్చుంది. నోట్లో చేప ఉంది.”

“చేప తల ఎటేపుంది?”

సువార్తమ్మ వంగి చూసింది. “లోపలికండి.”

“మింగడానికైతే అంతే. పిల్లకి పెట్టేటప్పుడు తల బయటికి తిప్పి పట్టుకుంటుంది. ఆ సంగతి నేనే చెప్పాను దొరకి. తరవాతది చెప్పు.”

గూడబాతు వచ్చింది, నామాలకోడి వచ్చింది. కాళ్ళకి ఏ రంగు వేశారు, కంటి చుట్టూ గీత ఉందా లేదా అని ఆయన అడుగుతుంటే, ఆమె వేలు పెట్టి వెతికి మరీ చెబుతోంది. పన్నెండో బొమ్మ దగ్గర ఆమె ఆగింది. “ఇదేంటండీ, కింది ముక్కు పొడుగ్గా ఉంది, పైది పొట్టి. నారింజ రంగు ముక్కు, చివర పసుపు. నీళ్ళ మీద ఎగురుతోంది.”

చిట్టియ్య చెయ్యి చాపి ఆ బొమ్మని తడిమాడు. “నీళ్ళు కోసే పిట్ట,” అన్నాడు. “ముక్కు నీళ్ళలో పెట్టి, కత్తితో కోసినట్టు కోసుకుంటూ పోతుంది. రంగు సరిగ్గా వేశాడా? వెలిసిపోయినట్టు లేదు కదా?”

“లేదండి. బతికున్నట్టే ఉంది.”

ముసలాయన తల ఊపాడు. తరవాత కొడుకు ఉన్న వైపు మొహం తిప్పాడు. “జ్ఞానం, మొదట్లో దొర ఏదో రాసుంటాడు కదా. అందులో మా మాట ఏవన్నా ఉందేమో చూడరా.”

జ్ఞానప్రకాశం పుస్తకం అందుకున్నాడు. ముందుమాట రెండే పేజీలు. మొదటిది దాటి రెండో దానికి వచ్చేసరికి అతని కళ్ళు ఒకచోట ఆగిపోయాయి. ఆ వాక్యాలు రెండుసార్లు చదివాడు. వాటి కింద ఒక పంక్తి పట్టేంత ఖాళీ ఉంది.

“లేదు నాన్నా,” అన్నాడు. పుస్తకం మూసి చాప మీద పెట్టాడు.

“లేకపోతే పోనీలే,” అన్నాడు చిట్టియ్య. కానీ ఆ తరవాత ఇంకే బొమ్మ గురించీ అడగలేదు. తడుముకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు.

జ్ఞానప్రకాశం మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్తే, సువార్తమ్మ చెంబు ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది.

“ఏవండీ, ఒకటి అడుగుతాను. అత్తయ్య పోయిన ఏడు సీమ నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. ఏంటని అడిగితే బడి సంగతులన్నారు. ఆ ఉత్తరాల మీదా, ఇవాళ్టి కట్ట మీదా రాత ఒక్కటే. నాకు ఇంగ్లీషు రాదు గానీ కళ్ళున్నాయి కదండీ.”

“ఇప్పుడెందుకు అవన్నీ?”

“లేని మాట కోసం ఒకే పేజీ అంతసేపు చూశారు. అందుకు.”

అతను పీట మీద కూర్చున్నాడు.  “నాన్న పేరు పుస్తకంలో వేసుకోవచ్చా అని అడిగాడు దొర. నేను జవాబు రాయలేదు. పిట్టలు పట్టేవాడు అని అచ్చులో పడితే, పది ఊళ్ళ పంతుళ్ళూ చదువుతారు. పెద్ద పంతులుగారి తండ్రి ఇతనా అంటారు. భయం వేసింది సువార్తా.”

ఆమె చెంబు అతని చేతికిచ్చింది. “మీరు బడికి వెళ్ళిన రోజుల్లో మీ అన్నం ఎక్కడిదండీ?” అంది మెల్లిగా. “పూరేడుపిట్టలదే కదా. ఆయన ఎప్పుడూ అనలేదు గనక నేనంటున్నాను. వెళ్ళి చెప్పండి. నాకు కాదు, ఆయనకి.”

జ్ఞానప్రకాశం పుస్తకం తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. తండ్రి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

“నాన్నా, నీకు అబద్ధం చెప్పాను. నీ మాట ఉంది. దొర ఏం రాశాడో తెలుగులో చెబుతాను, విను.” ముందుమాట ఉన్న పేజీ తీశాడు. “‘ఈ పిట్టల్లో సగం నేను చూడగలిగింది గోదావరి ఒడ్డున ఒక ముసలి వేటగాడి దయవల్ల. గూడు ఎక్కడుందో, పిల్లలకి ఏం పెడుతుందో, అన్నీ ఆయన చెప్పినవే. తప్పులుంటే అవి నావి. ఆయన పేరూ, ఆయన భార్య పేరూ నాకు తెలుసు. అచ్చు వేసుకోవచ్చా అని ఇంటికి రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. అడిగి, సరే అనిపించుకోకుండా ఒకరి పేరు వాడుకోవడం మర్యాద కాదు. అందుకని ఇక్కడ చోటు ఖాళీగా వదులుతున్నాను.’”

చిట్టియ్య కొడుకు గొంతు వైపు తల తిప్పాడు. “ఆ ఉత్తరాలు?” అన్నాడు.

“నాకే వచ్చాయి నాన్నా. నేనే దాచేశాను.”

“నేనంటే నీకు నామోషీ అని నాకు తెలుసురా,” అన్నాడు ముసలాయన. గొంతులో కోపం లేదు, అదే కొడుక్కి మరీ కష్టంగా ఉంది. “దానికి నేనేం అనుకోలేదు. పిల్లలు నిన్ను ఏమని పిలిచేవారో నాకు తెలీదా? రోజూ ఏడుస్తూ వచ్చేవాడివి. నా పేరు లేకపోతే ఏంటి, లంకల్లో పిట్టలకి తెలుసు నేనెవరో. కానీ మీ అమ్మ మాటేంట్రా?”

“అమ్మా?”

“ఆ నీళ్ళు కోసే పిట్టని దొర తుపాకీతో కొట్టబోతే మీ అమ్మే ఆపింది. ‘చచ్చినదాని ముక్కు ఓ పూటకే వెలిసిపోద్ది బాబూ, బతికున్నది చూసి బొమ్మ వేయండి’ అంది. నేను వలలో పట్టి ఇస్తే, మూడు రోజులు ఒళ్ళో పెట్టుకుని చిన్న చేపలు తినిపించింది. దొర బొమ్మ పూర్తిచేశాక తనే తిప్ప మీదకి వెళ్ళి వదిలేసింది. ‘అచ్చయ్యేటప్పుడు మిమ్మల్ని అడిగి నీ పేరు వేస్తాను సూరమ్మా’ అన్నాడు దొర. పోయే ముందు కూడా అడిగిందిరా, పుస్తకం వచ్చిందా అని.”

 నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే పంతులు, తండ్రి మోకాళ్ళ మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చిట్టియ్య వారించలేదు. అతని జుట్టులో వేళ్ళు పెట్టి నిమురుతూ ఉండిపోయాడు. వంటింటి గుమ్మంలో సువార్తమ్మ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“ఇంక చాల్లే,” అన్నాడు ముసలాయన కాసేపటికి. “దొర చోటు వదిలాడన్నావు కదా. ఎంత వదిలాడు?”

“రెండు పేర్లు పడతాయి నాన్నా.”

“మరి రాయి. మీ అమ్మది ముందు.”

సువార్తమ్మ సిరాబుడ్డీ కలమూ తెచ్చింది. జ్ఞానప్రకాశం ఆ ఖాళీలో బడిలో పిల్లలకి నేర్పే గుండ్రటి అక్షరాలతో రాశాడు. తండ్రి చదవమంటే చదివాడు: “సూరమ్మ, చిట్టియ్య. పిట్టలు పట్టేవారు. ధవళేశ్వరం.”

“ఇంకోసారి చదవరా.”

మళ్ళీ చదివాడు. ఆ మధ్యాహ్నమే దొరకి జవాబు కూడా రాశాడు. ఆలస్యానికి కారణం దాచకుండా రాశాడు.

సోమవారం పొద్దున్న మిషను బడిలో పిల్లలందరూ లేచి నిలబడ్డారు. పెద్ద పంతులుగారు ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, తన కుర్చీలో కూర్చోబెట్టారు. బల్ల మీద పెద్ద పుస్తకం తెరిచి పెట్టారు.

“ఈయన మా నాన్న,” అన్నాడు జ్ఞానప్రకాశం. “పిట్టలు పట్టేవాడు. సీమలో ఇంత పుస్తకం రాసిన దొరకి ఈయనే పంతులు. ఇవాళ పాఠం ఈయన చెబుతారు.”

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో ఒక పిల్ల చెయ్యి ఎత్తి, నీళ్ళు కోసే పిట్ట ఎలా కూస్తుందండీ అని అడిగింది. చిట్టియ్య కుర్చీలో సర్దుకుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు. పంతులుగారు పిల్లల మధ్య కింద కూర్చున్నారు.