తలుపు లేని గది

గురువారం పొద్దున్న ఎవరైనా తలుపు చేయించుకోవడానికి వస్తే వడ్రంగికి చిరాకు. మిగతా రోజుల్లో వచ్చినవాళ్ళకి కుర్చీ వేసి, చెక్క గురించి అరగంట ఉపన్యాసం దంచితే గానీ వదలని మనిషి, ఆ రోజు మాత్రం “మధ్యాహ్నం రండి” అని గుమ్మంలోంచే పంపేస్తాడు. తొమ్మిదిన్నర కాగానే చిత్రిక పక్కన పడేసి, చొక్కా మీది పొట్టు దులుపుకుని, భార్య వాడి వదిలేసిన పాత ఫోన్ తీసుకుని చెక్కల దొంతర వెనక నక్కుతాడు.

ఆ గురువారమూ అంతే జరిగింది. ఇంటి ముందుగదే అతని పనిచోటు కాబట్టి లోపల చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది.

“ఏవండీ, నా కళ్ళజోడు చూశారా?” భార్య కేక.

“కళ్ళాసుపత్రిలో పనిచేస్తూ కళ్ళజోడు వెతుక్కునేదానివి నువ్వొక్కదానివే!”

“వెటకారం తర్వాత. చూశారా, లేదా?”

“అద్దం దగ్గర చూడు.”

దొరికింది. ఆవిడ సంచీ భుజాన వేసుకుని ముందుగదిలోకి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది. “పని చప్పుడు వినబడట్లేదేం?”

“జిగురు ఆరుతోంది.”

“ప్రతి గురువారమూ ఆరే జిగురేమిటో నాకర్థం కాదు!” అంటూనే ఆవిడ మెట్లు దిగింది. ఆసుపత్రిలో రోగుల పేర్లు రాసుకునే బల్ల ఆవిడది. అయిదు నిమిషాలు ఆలస్యమైతే వరస వీధి దాకా సాగుతుంది.

గేటు పడ్డ చప్పుడు వినిపించాక వడ్రంగి ఊపిరి పీల్చుకుని, ప్రతి గురువారం వచ్చే వీడియో నొక్కాడు. కూతురి మొహం తెరమీదికి వచ్చింది. కాస్త చిక్కింది. జుట్టు ఎప్పట్లాగే దువ్వుకోలేదు. చిన్నప్పటి నుంచి మనిషి ఇంతే, మాట ఘాటు. అందుకే వడ్రంగి ఆమెని మిరపకాయ అని పిలిచేవాడు. ఎనిమిది నెలలుగా పిలవలేదు.

ఆమె వీడియోలన్నీ ఒక పాత గేమ్ మీదే. ఇరవై ఏళ్ళ నాటిది. అందులో బొమ్మమనుషులకి ఇల్లు కట్టిపెట్టాలి, తిండి పెట్టించాలి, ఉద్యోగానికి పంపాలి. చెప్పకపోతే పడుకోరు, మొర్రోమని ఏడుస్తూ నిలబడతారు. కూతురికి తొమ్మిదేళ్ళప్పుడు ఎవరో అమ్ముకుంటున్న పాత కంప్యూటర్‌తో పాటు ఆ గేమ్ డిస్కు కూడా వడ్రంగే కొనుక్కొచ్చాడు. బొమ్మమనుషుల బతుకు బాధ్యత కూతురిది, ఇళ్ళు కట్టే బాధ్యత తండ్రిది. బయట ఇల్లు కట్టించుకునేవాళ్ళు ఈ కిటికీ వద్దు, ఆ గుమ్మం పెంచు అని ప్రాణం తీస్తారు. అందులో అడిగేవాడు లేడు. అచ్చంగా తన చేతిలో ఉన్న ఇల్లు వడ్రంగికి అదొక్కటే. ఆదివారం మధ్యాహ్నాలు తండ్రీకూతుళ్ళు ఒకే కుర్చీలో చెరో సగం కూర్చునేవారు. ఆ బొమ్మలు మాట్లాడే అర్థంపర్థం లేని భాషలో ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుంటుంటే భార్య చెవులు మూసుకునేది.

ఆ కూతురే ఎనిమిది నెలల కిందట బీమా కంపెనీలో ఉద్యోగం మానేసి, అదే గేమ్ మీద వీడియోలు చేస్తానంది. వడ్రంగికి తల తిరిగిపోయింది. “బొమ్మలాడుకునే వయసా నీది? నలుగురికీ ఏమని చెప్పమంటావ్?” అన్నాడు. “నువ్వే కదా నేర్పావ్!” అంది. మాటకి మాట పెరిగి ఆమె పెట్టె సర్దుకుని ఊరి అవతలి కొసన గది తీసుకుంది. ఆ కోపం చల్లారక వారం తిరక్కుండానే వడ్రంగి ఆ కంప్యూటర్ని పాత ఇనుపసామాను బండికి ఎత్తించేశాడు. తర్వాత కూతురు తల్లికి ఫోన్ చేసి కంప్యూటర్ పంపమంది. సంగతి తెలిశాక తండ్రి ఊసు ఎత్తడం మానేసింది.

ఇప్పుడు ఆ కంప్యూటర్‌తో పాటు పోయిన తమ ఇంటినే ఆమె మళ్ళీ కడుతోంది, గుర్తున్నంత మేర, వారానికో గది. నాలుగు నెలల కిందట పనికెళ్ళిన ఒక ఇంట్లో ఎవరో పిల్ల చూస్తుంటే చెవిన పడిన గొంతు పట్టుకుని వడ్రంగి ఆ వీడియోల దారి పట్టాడు. ఒక్క కూతురివే కాదు, ఆ గేమ్ ఆడేవాళ్ళందరివీ చూడటం మొదలెట్టాడు. గ్రంథాలయాలు తప్ప ఇంకేమీ కట్టని రిటైరైన పంతులమ్మ అంటే అతనికి గౌరవం. ఒకే కుటుంబాన్ని ఏడు తరాలుగా పెంచుతూ ముసలి బొమ్మ చచ్చిపోయినప్పుడల్లా కళ్ళు తుడుచుకునే బస్సు డ్రైవరంటే ప్రాణం. తనకి తెలియకుండానే ఆ లోకంలో ఒకడైపోయాడు. కూతురి వీడియోల కింద కామెంట్లు కూడా రాసేవాడు. “మెట్టు ఎత్తు ఎక్కువైంది, పెద్దవాళ్ళు ఎక్కలేరు.” “గుమ్మానికెదురుగా మంచమేమిటి?” కూతురు “సరే, మార్చేస్తా” అని జవాబిచ్చేది. ఆ రెండు ముక్కలు చదువుకోవడానికి వారమంతా కాచుకునేవాడు.

ఆవేళ వీడియోలో కూతురు ఇంటిని బయటినుంచే చూపించి పై అంతస్తు మూల దగ్గర ఆగింది. “ఇక మిగిలింది ఈ మూల గది. దీనికి అప్పట్లో తలుపుండేది కాదు. కట్టినాయన ‘నువ్వు పెద్దయ్యాక చూద్దువుగాని, అప్పటిదాకా పై అంతస్తు చూపించే బొత్తాం నొక్కకు’ అని ఒట్టు పెట్టించుకున్నాడు. పెద్దయ్యాక ఇద్దరం మర్చిపోయాం. అందులో ఏముండేదో ఇక నాకెప్పటికీ తెలీదు. అందుకే ఖాళీగా వదిలేస్తున్నా.”

వడ్రంగి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. “ఆ గది ఖాళీ కాదు.”

రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. “మరి ఏముంది?”

వడ్రంగి ఫోన్ బోర్లించి చిత్రిక అందుకున్నాడు. మధ్యాహ్నం దాకా ఒకటే చెక్కని చెక్కీ చెక్కీ పల్చటి రేకు చేసిపెట్టాడు.

సాయంత్రం ఆరింటికి రావలసిన భార్య రెండున్నరకే వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

“ఆ ఫోన్ ఇలా ఇవ్వండి.”

“ఏ ఫోన్?”

“మీ జిగురు ఆరబెట్టే ఫోన్!”

వడ్రంగి తేలు కుట్టిన దొంగలా చూశాడు. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఇవాళ మా కళ్ళద్దాల కౌంటర్లో అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ‘మీ అమ్మాయి వీడియోల కింద మీరు భలే రాస్తారండీ, ఇంటి గురించి మీకెంత తెలుసో!’ అంది. నేనేమిటి, రాయడమేమిటి అని చూస్తే నలభై మూడు కామెంట్లు. అన్నీ నా పేరు మీద. నా పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మతో సహా!”

“నీ పేరా? ఆ ఇంగ్లీషు ముక్క నాకేం తెలుసు! రాసినవాళ్ళందరికీ ఏదో ఒక పువ్వొస్తుందనుకున్నానే!”

“అది నా ఫోనండీ! నా పేరు కాక ఊళ్ళోవాళ్ళ పేరొస్తుందా?” ఆవిడ నవ్వుతుందేమోనని చూశాడు గానీ ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. “నవ్వులాట కాదిది. నాలుగు నెలలుగా నా కూతురికి అమ్మ తోడుగా ఉంది, ఆ అమ్మని నేను కాదు. నేనొక్క వీడియో కూడా చూడలేదు. పిచ్చి పట్టిందని మీరంటే, కాబోలనుకున్నాను. ఇవాళ వరసగా అన్నీ చదివి, మందుల గదిలోకెళ్ళి ఏడ్చొచ్చాను.”

వడ్రంగి పాత ఫోన్ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

“ఒక్కటి చెప్పండి. ఆ కంప్యూటర్ బండికెత్తించినప్పుడు అందులో ఆ ఇల్లుందని మీకు తెలీదూ?”

తెలీదని చెప్పడం తేలిక. ఎనిమిది నెలలుగా తనకి తాను చెప్పుకుంటున్నది అదే.

“తెలుసు,” అన్నాడు. “బండి సందు మలుపు తిరిగాక పరిగెత్తాను. అందలేదు. మూడు రోజులు పాతసామాన్ల కొట్లన్నీ తిరిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఏ మొహం పెట్టుకుని పిల్లకి ఫోన్ చెయ్యను?”

“ఉన్న మొహం పెట్టుకునే!” ఆవిడ లేచింది. “అడగందే అమ్మైనా పెట్టదంటారు. కూతురు మాత్రం అడక్కుండానే అన్నీ కనిపెట్టుకుని వచ్చెయ్యాలి మీకు! చొక్కా మార్చుకోండి. ఇప్పుడే వెళ్తున్నాం.”

బస్సులో అతను కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. ఏం చెప్పాలో నాలుగు రకాలుగా కూర్చుకున్నాడు. మూడో అంతస్తు ఎక్కి తలుపు తట్టేసరికి నాలుగూ ఎగిరిపోయాయి.

తలుపు తీసిన కూతురు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి పక్కకి జరిగింది. చిన్న గది. ఒక పరుపు, ఒక బల్ల, బల్ల మీద కంప్యూటర్. బల్ల కాలి కింద మడిచిన అట్టముక్క. వడ్రంగి కళ్ళు ముందు దాని మీద పడ్డాయి. వంగి అట్టముక్క లాగబోయాడు.

“నాన్నా, బల్ల చూడ్డానికొచ్చావా?”

అతను వంగినవాడు వంగినట్టే నేల మీద కూర్చుండిపోయాడు. “మిరపకాయా, ఆ కామెంట్లు అమ్మ రాసినవి కాదే. నేను రాశాను.”

“తెలుసు. మెట్టు ఎత్తు గురించి అమ్మ రాస్తుందా? మూడోదానికే తెలిసిపోయింది.”

“తెలిసి కూడా...”

“తెలిసింది కాబట్టే జవాబిచ్చాను. పేరు మార్చుకుంటే తప్ప నాతో మాట్లాడలేవేమోననుకున్నా.”

ఆ మాట సూటిగా తగిలింది. వడ్రంగి తల వంచుకున్నాడు. “కంప్యూటర్ ఇచ్చేసినప్పుడు అందులో మన ఇల్లుందని నాకు తెలుసమ్మా. తెలిసే చేశాను. తప్పు చేశాను.”

కూతురు పెదవి కొరుక్కుంది. “నువ్వు తిట్టినందుకు నేను ఏడవలేదు నాన్నా. దానికేడ్చాను. మనిద్దరం కలిసి చేసింది ప్రపంచంలో అదొక్కటే ఉండేది.” గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఇటు తిరిగింది. “పొద్దున్న అడిగినదానికి జవాబివ్వలేదు. ఆ గదిలో ఏముంది?”

వడ్రంగి భార్య వంక చూశాడు. ఆవిడ కళ్ళతోనే చెప్పమంది.

“ఒక మంచం. ఒక కుర్చీ. వీధివైపు కిటికీ.”

“ఎవరికి?”

“ఆ ఇల్లు నీదని నేను ఎప్పుడో అనుకున్నానే. నువ్వు పెద్దదానివవుతావు, నీ ఇల్లు నీకుంటుంది, నేను ముసలాణ్ణవుతాను. అప్పుడు... ఒక గది నాకిస్తావేమో అడుగుదామని కట్టాను. తలుపు నువ్వు పెట్టాలని వదిలేశాను. అడగడానికి నోరు రాలేదు.” అంతవరకే చెప్పగలిగాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు.

కూతురు కంప్యూటర్ తెర అతనివైపు తిప్పి పై అంతస్తు బొత్తాం నొక్కింది. మూల గది. అందులో మంచం, కుర్చీ, వీధివైపు కిటికీ.

“ఇదెలా...”

“ఒట్టు తప్పాను నాన్నా. పదమూడో ఏటే నొక్కి చూశాను. ఒక్కటే మంచం చూడగానే ఎవరికో తెలిసింది. నువ్వు అడుగుతావని అప్పట్నుంచీ చూస్తున్నా. ఇప్పుడు మళ్ళీ కట్టేటప్పుడు కింద నాలుగు గోడలు లేపి, మెట్లు కూడా వెయ్యకుండా ముందు కట్టింది ఈ గదే. ఖాళీ అని అబద్ధం చెప్పాను, ఇప్పటికైనా నోరు విప్పుతావేమోనని. తలుపు మాత్రం పెట్టలేదు. అడగనివాళ్ళకి తలుపెందుకు?”

వడ్రంగి అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. జీవితంలో ఎన్ని వందల ఇళ్ళకి తలుపులు పెట్టాడో, ఒక ఇంట్లోకి రానివ్వమని అడగడం ఇంత కష్టమని అతనికి తెలీదు.

“నన్ను రానిస్తావా?” అన్నాడు.

కూతురు నేల మీద తండ్రి పక్కన కూర్చుని, చిన్నప్పటిలా అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు.

ఇంతసేపూ నిలబడే ఉన్న తల్లి తెర దగ్గరికి వంగి, కళ్ళజోడు సరిచేసుకుని ఆ గదిని తేరిపార చూసింది.

“అవునండీ, ఒక్కటే మంచం వేసుకున్నారు. మరి నేనెక్కడ పడుకోవాలిట?”

తండ్రీకూతుళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పదిహేడేళ్ళలో ఆ ఆలోచనే అతనికి రాలేదు. కూతురు ఏడుస్తున్నది కాస్తా పకపకా నవ్వడం మొదలెట్టింది. మౌస్ అందుకుని ఇంకో మంచం తెచ్చి గదిలో పెట్టబోయింది. పట్టలేదు. ఇటు తిప్పింది, అటు తిప్పింది, ఊహూ.

“చోటు చాలట్లేదు నాన్నా. గోడ జరపాలి.”

“జరుపు,” అన్నాడు వడ్రంగి.