ఆర్లో పాటలకు వచ్చిన తొందర

లాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టి, గుండెకు అదుముకుని లోపలికి వచ్చాడు ఆర్లో బ్రికెట్. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, మొహమంతా కందిపోయి ఉంది.

"తలుపు వెయ్యి క్లెమ్! వాడు నా వెనకాలే వస్తున్నాడేమో!"

క్లెమ్ వీధిలోకి తొంగిచూశాడు. మంచు తోసే బండి తప్ప పురుగు కూడా లేదు. అయినా తలుపు వేశాడు. పోస్ట్‌మన్‌గా రిటైరయ్యాక అతను వెర్నా టోలెఫ్‌సన్ దగ్గర సహాయకుడిగా చేరి ఆరేళ్ళయింది. విస్కాన్సిన్ రాష్ట్రం మొత్తం గాలించినా ఆవిడంత చురుకైన డిటెక్టివ్ దొరకదని అతని నమ్మకం. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ మాట చెబుతూనే ఉంటాడు.

వెర్నా అల్లిక పక్కన పెట్టింది. "ఎవరు వస్తున్నారు ఆర్లో గారూ?"

"ఇంకెవడు, హార్లన్ స్టబ్! నలభై ఏళ్ళ స్నేహితుడు! నా పాటల్ని పాడుచేశాడు!"

ఆ ఊళ్ళో ఆర్లోను ఎరగనివాళ్ళు లేరు. ప్రతి శనివారం రైతుసంఘం వాళ్ళ గ్రేంజ్ హాల్లో స్క్వేర్ డాన్స్ జరుగుతుంది. నాలుగేసి జంటలు చతురస్రంగా నిలబడితే, మైకు పట్టుకుని పాటకు తగ్గట్టు అడుగులు పురమాయించే కాలర్ ఆర్లో. పక్కన కంప్యూటర్ ముందు కూర్చుని పాటలు వేసేవాడు హార్లన్. ఆర్లో చొక్కా మీద 'నలభై ఏళ్ళు, ఒకే వేగం' అని రాసిన బిళ్ళ ఉంటుంది. వేగం తగ్గించిన రోజున మైకు కింద పెట్టేస్తానని ఆయన కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. ఆ బిళ్ళ చూస్తే క్లెమ్‌కు ఎప్పుడూ కాస్త అసూయగా ఉండేది.

"పోయిన నెల ఈ కొత్తది కొన్నాను. అప్పట్నుంచీ పాటలు పరిగెడుతున్నాయి! నేను 'ఎడమకు తిరగండి' అనేలోపు పాట నాలుగడుగులు ముందుంటోంది. మొన్న రెండు జంటలు కేకుల బల్ల మీద పడ్డాయి!"

"హార్లనే చేశాడని ఎలా తెలుసు?"

"కళ్ళారా చూశా! మర్నాడు హాలుకెళ్తే, వేగం మార్చే మీట మీద చెయ్యేసి కూర్చున్నాడు. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా లేచాడు. వాడికి నా మైకు మీద కన్ను. ఈ శనివారం నలభయ్యో వార్షికోత్సవం. డాన్స్‌కు ముందే వాణ్ణి మా డాన్స్ క్లబ్బులోంచి గెంటేయాలని ఉత్తరం కూడా రాశా."

 

"కొత్తదాంట్లోకి ఏమేం మార్చారు?"

"పాటల ఫోల్డర్. నాలుగు వందల పన్నెండు పాటలు, స్వయంగా లెక్కపెట్టా! వాటిని వాయించే ప్రోగ్రామ్ మళ్ళీ కొత్తగా పెట్టా."

"ఇంకేమీ తేలేదా?"

"ఇంకేముంటుంది తేవడానికి?"

వెర్నా తలూపింది. క్లెమ్ ఆ తలూపుడు అర్థం చేసుకున్నట్టు తనూ ఊపాడు. అర్థం కాలేదు.

శుక్రవారం ఇద్దరూ హాలుకు వెళ్ళారు. కాఫీ చూసుకునే ఆర్డిస్ అప్పటికే చిరాగ్గా ఉంది. "చివరి విడత పాటలు మొదలవగానే కాఫీ పాత్ర స్విచ్ వేస్తా. పాట ఆగేసరికి కాఫీ సిద్ధమని ఎర్రదీపం వెలిగేది. ఇప్పుడు పాటలైపోయి అందరూ ఖాళీ కప్పులు పట్టుకుని నా మొహం చూస్తున్నారు! పాత్ర పాడైందంటావా క్లెమ్?"

"పాత్ర బాగానే ఉందమ్మా," అంది వెర్నా. గోడకు తగిలించిన పాత గ్రామఫోన్ రికార్డు మీద అచ్చువేసిన నిడివి చదివింది: మూడు నిమిషాల నాలుగు సెకన్లు. కొత్త లాప్‌టాప్‌లో అదే పాట వేసి గడియారం చూసింది. సరిగ్గా మూడు నిమిషాల నాలుగు సెకన్లు.

తర్వాత బీరువాలో దుప్పటి కింద పడుకున్న పాత కంప్యూటర్ బయటికి తీసి, క్లెమ్‌ను పక్కన నిలబెట్టి చాలాసేపు చూసింది. క్లెమ్ దుమ్ము తుడిచాడు. అది తను చేయగలిగిన పని.

తర్వాత హార్లన్‌ను కలిశారు. అతను ఒక్క ముక్క కూడా కాదనలేదు. "గెంటేస్తే పోతాలెండి. కానీ ఆర్లో మైకు వదిలేయడు కదా?" అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

శనివారం మధ్యాహ్నం క్లబ్బు సభ్యులందరూ ఓటు వేయడానికి వచ్చి కుర్చీల్లో సర్దుకున్నారు. ఆర్లో ఉత్తరం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వెర్నా రెండు కంప్యూటర్లూ బల్ల మీద పెట్టింది.

"పాటలకు వేగం పెంచింది ఎవరు? ఎవరూ కాదు. రికార్డు మీద ఎంతుందో కొత్తదాంట్లోనూ అంతే. అసలు వేగం ఇదే."

"మరి ఇన్నాళ్ళూ విన్నది?" అని ఆర్డిస్.

"పాత కంప్యూటర్ చూడండి. ప్రతి పాట పక్కనా తగ్గింపు అంకె ఉంది. ఆ అంకెలు పాటలో ఉండవు, ప్రోగ్రామ్ వాటిని వేరే చిన్న ఫైల్లో దాచుకుంటుంది. ఆర్లో గారు పాటలు తెచ్చుకున్నారు, ఆ ఫైలు తేలేదు. తొమ్మిదేళ్ళుగా ఏటా చలికాలంలో ఒకరు ఆ అంకెలు కొంచెం కొంచెం మార్చారు. కేకుల బల్ల గొడవయ్యాక కొత్తదాంట్లో మళ్ళీ అవే అంకెలు వేయబోయి దొరికిపోయారు."

అందరి తలలూ హార్లన్ వైపు తిరిగాయి.

"చాల్లెండి వెర్నా గారూ," అన్నాడతను. "తప్పు నాదే. ఓటేసి పంపించేయండి."

"ఎందుకు తగ్గించావురా?" అడిగాడు ఆర్లో.

హార్లన్ బూట్ల వైపు చూశాడు. "తొమ్మిదేళ్ళ కిందట నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చిన ఏడాది... నీ మాట పాటకు అరడుగు వెనకబడింది. చెబితే మైకు కింద పెట్టేస్తావు. నువ్వు లేని శనివారం నాకెందుకురా? అందుకే పాటనే నీకోసం నెమ్మదిగా నడిపించా."

క్లెమ్ ముక్కు చీదుకున్నాడు, జలుబని అనుకుంటారులే అని.

ఆర్లో ఉత్తరాన్ని నాలుగుగా చించాడు. చొక్కా మీది బిళ్ళ విప్పి జేబులో వేసుకున్నాడు. మైకు వైపు నడిచాడు. దాన్ని కింద పెట్టేస్తాడేమోనని హార్లన్ సగం లేచాడు.

"వెర్నా గారూ, ఆ చిన్న ఫైలు ఇందులోకి తేగలరా?"

"ఐదు నిమిషాలు."

"తెండి. మైకు కింద పెడతానన్న నా ప్రమాణం కూడా ఆ పాతదాంట్లోనే ఎక్కడో ఉండాలి. దాన్ని మాత్రం తేకండి." తర్వాత స్నేహితుడి వైపు తిరిగాడు. "ఏం చూస్తున్నావురా? కూర్చో. వేగం ఇంకో రెండంకెలు తగ్గించు, నాకు మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి."

ఆ రోజు క్లెమ్ కూడా ఒక చతురస్రంలో నిలబడ్డాడు. ఎడమంటే కుడికి తిరిగినా ఎవరూ పడలేదు. చివరి పాట ఆగకముందే ఆర్డిస్ కాఫీ పాత్ర మీద ఎర్రదీపం వెలిగింది. పాట ఇంకా నడుస్తూనే ఉంది.