ఎండవాలు మీది కొండమేకలు

"ఈ పొదలన్నిటికీ ఒకే ముహూర్తానికి పెళ్ళి చేస్తున్నారా?"

జ్లాతిన ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. పొగమంచులోంచి ఒక యువకుడు తేలి వచ్చినట్టు వచ్చి నిలబడ్డాడు. కాళ్ళకి స్కీలు, వీపున బంగాళాదుంపల బస్తా, కనుబొమల మీద మంచుపొడి.

ఆమె చేతిలో ఎరుపూ తెలుపూ కలిపి పేనిన ఊలు దారం ఉండ ఉంది. పొట్టి పైన్ పొదలకి వరసగా ముక్కలు కట్టుకుంటూ వస్తోంది.

"ఇవి దారి గుర్తులు. ప్లాస్టిక్ రిబ్బన్లు గాలికి ఆగలేదు. ఊలయితే ఆగుతుంది. మీరు ఆగుతారో లేదో మరి."

"నేనెందుకు ఆగాలి?"

"మీరు వెళ్తున్నది ఎండవాలు వైపు. ఈ చలికాలం అటు స్కీలు నిషేధం. కింద బోర్డు చూళ్ళేదా?"

"చూడకేం? దాన్ని పాతడానికి మీవాళ్ళకి గునపం అరువిచ్చింది నేనే."

జ్లాతినకి నవ్వొచ్చింది. అది కనపడకుండా మఫ్లరు ముక్కుదాకా లాక్కుంది. నేషనల్ పార్కు గార్డుగా ఎలెన్ లోయకి వచ్చి ఇంకా వారం కాలేదు. అప్పుడే నవ్వితే ఎవరు మాట వింటారు?

"పుట్టినప్పటినుంచీ నేను ఈ దారినే ఎక్కుతున్నాను, అమ్మాయిగారూ. దగ్గర దారి."

"మేకలు మీకంటే ముందు పుట్టాయి."

అతను ఆమెని కాసేపు చూశాడు. తర్వాత స్కీలు తిప్పి, గొణుక్కుంటూ, నీడవాలు అడవిలోకి చుట్టుదారి పట్టాడు.

అతని పేరు స్పాస్. లోయ పైకొసన ఉన్న విడిదిని అతనూ, అతని పిన్ని నేవెనా నడుపుతున్నారు. స్కీల మీద కొండెక్కి వచ్చేవాళ్ళే ఆ విడిదికి ఆధారం.

ఆ ఏడు లోయకి పరీక్షా కాలం. ఎండవాలు మీద గాలి మంచుని ఊడ్చేస్తుంది, గడ్డి బయటపడుతుంది. కడుపుతో ఉన్న కొండమేకలు చలికాలమంతా అక్కడే గడుపుతాయి. బెదిరి లోతు మంచులోకి పరుగెత్తితే వాటికీ, కడుపులో పిల్లలకీ కూడా ప్రమాదమే. అందుకని స్కీయర్లు నీడవాలు అడవిలోంచే, గుర్తులున్న దారినే రావాలని పార్కు కొత్త నిబంధన పెట్టింది. మాట వింటే సరి. వినకపోతే వచ్చే చలికాలం నుంచి లోయ మొత్తం మూత. అదే జరిగితే పిన్ని విడిదికి తాళం వేసుకోవాలి. స్పాస్ పట్నంలో రోప్‌వే దగ్గర టికెట్లు చింపుకుంటూ బతకాలి.

మర్నాడు అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి వీపున బస్తా లేదు, చేతిలో ఫ్లాస్కు ఉంది.

"కొండ టీ. పిన్ని పంపింది."

"మీ పిన్నికి నేనెలా తెలుసు?"

"రాత్రంతా మిమ్మల్ని తిడుతూనే ఉన్నాగా, తెలిసిపోయింది."

జ్లాతిన టీ తాగి, మెడలోని బైనాక్యులర్స్ తీసి అతని చేతికిచ్చింది. "ఎందుకు తిడుతున్నారో అది కూడా చూడండి."

స్పాస్ చూశాడు. ఎండవాలు మీద మంచు గులాబీ రంగులో వెలుగుతోంది. దాని మీద పది పన్నెండు నల్లటి మేకలు, కలలో కదులుతున్నట్టు, ఒక్కో అడుగే వేస్తున్నాయి. ఒక ఆడమేక ముందుకాళ్ళు మడిచి ఎండకి కూర్చుని కళ్ళు మూసుకుంది. దాని పొట్ట ఒక పక్కకి ఉబ్బి ఉంది.

"ఇన్నేళ్ళూ నేను ఈ వాలెక్కుతూ చెవుల్లో పాటలు పెట్టుకునేవాణ్ణి," అన్నాడు నెమ్మదిగా. "ఇవి ఇక్కడ నిద్రపోతాయని తెలీదు."

ఆ రోజు నుంచి విడిదికి వచ్చేవాళ్ళకి నీడవాలు దారి చూపించడం అతని పనైంది. రోజూ మధ్యాహ్నం ఏదో ఒక వంకతో కిందకి దిగేవాడు. ఒకసారి ఉప్పు అయిపోయిందని. ఇంకోసారి, కొన్న ఉప్పు ఎక్కువైందని. 'మీరు' ఎప్పుడు 'నువ్వు'గా మారిందో ఇద్దరూ గమనించలేదు. మంచు మాత్రం వాళ్ళ మాటలు వింటున్నట్టు మెత్తగా పడేది.

మార్చి ఒకటిన, ఆ దేశమంతటా ఉన్న ఆనవాయితీ ప్రకారం, నేవెన పిన్ని విడిదికి వచ్చిన ప్రతివాడి మణికట్టుకీ ఎరుపు తెలుపు దారం, మార్తెనిత్స, కట్టింది. "పూసిన చెట్టు కనపడేదాకా తియ్యకండి. కనపడగానే తీసి కొమ్మకి కట్టండి. లేకపోతే మార్చి నెలని ఏలే మార్తా అవ్వకి కోపమొచ్చి మళ్ళీ మంచు కురిపిస్తుంది," అని అందరికీ ఒకే పాఠం చెప్పింది.

జ్లాతినకి కట్టేటప్పుడు మాత్రం ముడి కాస్త ఎక్కువసేపు వేసింది. "మావాడికి ఉప్పు పిచ్చి పట్టింది తల్లీ. మందేమైనా ఉందా?"

"ఏమో పిన్నీ," అంది జ్లాతిన, చెవులు ఎర్రబడుతుంటే.

తర్వాతి వారమంతా ఎండ కాసింది. ఆ వెంటే రెండు రోజులు గట్టి పొగమంచు. అది విడిచిన పొద్దున జ్లాతిన బైనాక్యులర్స్ ఎత్తి చూసింది. ఎండవాలు మీద, కింది నుంచి పైదాకా, స్కీ జాడలు. ఒకటీ రెండూ కాదు. మేకలు లేవు. వాటి అడుగులు రాళ్ళ మీదుగా పైనున్న లోతు మంచులోకి చెదిరి పోయి ఉన్నాయి.

స్పాస్ ఎప్పటిలాగే ఫ్లాస్కుతో వచ్చాడు.

"మీరే తీసుకెళ్ళారా వాళ్ళని?"

నిన్నటిదాకా 'నువ్వు' అన్న మనిషి మళ్ళీ 'మీరు' అంటోంది. స్పాస్ వాలు వైపు చూశాడు. మొహం పాలిపోయింది.

"నేనా?"

"దగ్గర దారి కదా. పొగమంచులో ఎవరు చూస్తారు?"

"జ్లాతినా, నా మొహం చూసి ఆ మాట మళ్ళీ అను."

ఆమె అనలేకపోయింది. అతను ఫ్లాస్కు మంచులో గుచ్చి, స్కీలు విప్పి, జాడల వెంట కిందకి నడిచాడు. కాసేపాగి ఆమె కూడా వెనకే వెళ్ళింది. ఇద్దరి మధ్యా పది అడుగుల దూరం.

జాడలు వాగు ఒడ్డున, ఎండవాలు మొదట్లో ఆగాయి. అక్కడొక ద్రియన్ చెట్టు ఉంది. అన్ని చెట్లకంటే ముందు, ఆకైనా రాకుండానే పసుపుగా పూసే చెట్టు. ఆ వారం ఎండకి ఒళ్ళంతా పూసింది. కొమ్మకొమ్మకీ మార్తెనిత్సలు. విడిది నుంచి కిందకి వెళ్ళేవాళ్ళంతా దాన్ని చూసి, మురిసిపోయి, మణికట్టు దారాలు విప్పి కట్టేశారు. కొమ్మలు చాలక పక్క పొదలకి, ఆపైన పొదలకి, ఆ పైపైన ఉన్న పొదలకి.

పొగమంచులో కొత్తగా ఎక్కేవాళ్ళకి ఏం కనిపించి ఉంటుంది? పొద నుంచి పొదకి ఎరుపూ తెలుపూ దారాలు. పార్కువాళ్ళ గుర్తులే!

జ్లాతిన మంచులో కూలబడింది. "నేనసలు ఈ దేశంలోనే పుట్టానా? మార్చి నెల వస్తుందని కూడా తట్టలేదు నాకు!"

స్పాస్ నవ్వు ఆపుకోవాలని చూశాడు, కుదరలేదు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"నిన్ను అన్నాను. సారీ."

"అన్నావు. తర్వాత తీరిగ్గా అలుగుతాను. ఇప్పుడు టైము లేదు."

ఇద్దరూ దారాలు విప్పడం మొదలుపెట్టారు. సగం పనయ్యాక ఆమె ఆకాశం వైపు చూసింది. "సాయంత్రానికి మంచు పడుతుంది. జాడలన్నీ కప్పుకుపోతాయి." గొంతు తగ్గింది. "ఎవరికీ తెలీదు. విడిదీ మిగులుతుంది."

అతను ఇంకో ముడి విప్పాడు. వాగు మీది మంచుపెంకు కింద నీళ్ళు గుసగుసలాడుతున్నాయి.

"మేకలకి తెలుసుగా," అన్నాడు చివరికి. "పద, మీ గెనాదీ గారికి చెబుదాం."

"దారం నాది. నేను చెప్తాను."

"చేతులకి కట్టి పంపింది మా పిన్ని. నేరంలో సగం మాది."

పై అధికారి గెనాదీ అంతా విని, కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. "ఎరుపు తెలుపు దారంతో దారి గుర్తులా? ఈ దేశంలో?"

"ఫిబ్రవరిలో కట్టాను సార్."

"ఫిబ్రవరి తర్వాత ఏ నెల వస్తుందమ్మా?"

గెనాదీ తన మణికట్టుకున్న మార్తెనిత్సని చూసుకుని నిట్టూర్చాడు.

"లోయ ఇవాళ్టి నుంచే మూసేస్తున్నాను. మంచు కరిగేలోగా మేకలు వాలు మీదకి తిరిగొస్తే వచ్చే చలికాలం దారి తెరుద్దాం. పసుపు రంగు కర్రలు పాతి! రాకపోతే నన్నడక్కండి. జ్లాతినా, కాపలా నీది. విడిది కిటికీ లోంచి వాలు బాగా కనపడుతుందట కదా?"

"బాగా కనపడుతుంది సార్," అన్నాడు స్పాస్, ఆమెకంటే ముందు.

విడిది ఖాళీ అయింది. రోజూ పొద్దున్నే జ్లాతిన నడిచి వచ్చేది. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చునేవాళ్ళు. మంచు కురిసేది, ఆగేది, మళ్ళీ కురిసేది. వాలు తెల్లగా, ఖాళీగా ఉండేది. నేవెన పిన్ని అలవాటు కొద్దీ ఇరవై మందికి సరిపడా చిక్కుడు గింజల సూప్ కాచి, తినేవాళ్ళు లేక వాళ్ళిద్దరి మీదా పడేది.

"రాకపోతే పట్నం వెళ్ళిపోతావా?" అని అడిగింది ఒకరోజు జ్లాతిన, కిటికీ మీంచి చూపు తిప్పకుండా.

"వెళ్ళాలి మరి."

"ఊఁ."

ఆ 'ఊఁ' తర్వాత ఇద్దరికీ సూప్ దిగలేదు.

మంచు చివరి రోజుల్లో ఒక ఉదయం పొగమంచు కిటికీని ఆనుకుని నిలబడింది. ఏమీ కనపడటం లేదు. ఇద్దరూ గుమ్మం బయటికొచ్చి నిలుచున్నారు. ఎక్కడో చిన్న రాయి దొర్లిన చప్పుడు. పొగమంచు ఒకచోట పలచబడింది, చిరిగింది. ఆ చిరుగులో ఎండవాలు. గడ్డి పరకలు. ముందు ఒక్కటే మేక. దాని వెనక ఇంకొకటి. తర్వాత మొత్తం మంద, ఏమీ జరగనట్టు, తలలు వంచుకుని మేస్తూ.

స్పాస్ అరవబోయాడు. జ్లాతిన చప్పున అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

అరచేతి కింద అతని పెదవులు కదిలాయి. వెచ్చగా, నిదానంగా, ఒక మాటంతసేపు.

"ఏమన్నావు?" అంది గుసగుసగా.

అతను ఆ చేతిని పట్టుకుని నోటి మీంచి కొంచెమే తీశాడు. "నీ అరచేతికి చెప్పేశాను. దాన్నే అడుగు."

జ్లాతిన అరచేతిని చెవి దగ్గర పెట్టుకుని, చాలా శ్రద్ధగా విన్నట్టు తల పక్కకి వంచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను కూడా అంతేనని చెప్పమంటోంది."

"ఒరేయ్ స్పాస్! సూప్ చల్లారిపోతోంది!" లోపల్నుంచి పిన్ని గొంతు ఖంగుమంది.

"ష్!" ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు.

వాలు మీద మేకలు తలలెత్తాయి. ఒక్క క్షణం లోయంతా ఊపిరి బిగబట్టింది. తర్వాత అవి మళ్ళీ తలలు దించి మేత మొదలుపెట్టాయి.

గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన నేవెన ముందు వాలుని చూసింది. తర్వాత ఆ ఇద్దరి చేతులని చూసింది. గరిటె వెనక్కి దాచుకుని, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి అంది:

"మళ్ళీ వేడి చేస్తాలే. మీరు నిదానంగానే రండి."