నమ్మిక అంకె

2068 నాటికి విశాఖపట్నంలో ఒంట్లో బాగాలేనివాళ్లు ఆసుపత్రికి వెళ్తే, తమ జబ్బుల చరిత్ర చెప్పుకోవాల్సిన పని లేదు. గోడలో ఉండే లేఖరి యంత్రం చెబుతుంది. పుట్టినప్పటి బరువు దగ్గర్నుంచి మొన్న మింగిన మాత్ర దాకా అన్నీ దాని దగ్గరే ఉంటాయి. సర్కారు దీనికి 'జీవితకాల వైద్య లేఖనం' అని నోరు తిరగని పేరు పెట్టింది. జనం జాతకం అన్నారు. అదే నిలిచింది.

దాన్ని తయారుచేసింది డాక్టర్ గేదెల అరుంధతి. కేస్ షీట్లలోని గజిబిజి రాతలకు మనుషులు చచ్చిపోవడం చూడలేక, ఇరవై ఆరేళ్లు ఎలక్ట్రానిక్ రికార్డుల పరిశోధనకే ధారపోసింది. అందులో అందరూ మెచ్చుకున్నది నమ్మిక అంకె. రోగి మాటను నూటికి ఎంత నమ్మాలో లేఖరి లెక్క కడుతుంది. మత్తుమందు కోసం నొప్పి నటించేవాళ్లను ఏరేయడానికి పెట్టిన ఏర్పాటు అది. అంకె నలభై దాటితేనే స్కాన్ గది తలుపు తెరుచుకుంటుంది. డాక్టర్లు తమ బావమరుదులను వరుస తప్పించి లోపలికి తోస్తున్నారని, తలుపు తెరిచే అధికారం వాళ్లకు లేకుండా చేసింది కూడా ఆమే.

ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకు ఆమె ఎమర్జెన్సీ వార్డులో నిలబడి అరుస్తోంది.

"ఈవిడొచ్చి మూడు గంటలైంది జోయల్! ఆవిడ ముఖం చూశావా అసలు?"

డ్యూటీ డాక్టర్ జోయల్ చేతిలోని తెరనే చూస్తున్నాడు. "ఈసీజీలో ఏమీ లేదు మేడమ్. అంకె పదకొండు. నేనేం చెయ్యను?"

మంచం మీదున్న మనిషి పేరు పైడితల్లి. యాభై నాలుగేళ్లు. భీమిలిలో సముద్రపు నాచు ఎండబెట్టే పని.

"దవడ లాగేత్తందమ్మా. సెమట్లు పోసేత్తన్నాయి," అంది పైడితల్లి. "పని మానేసొచ్చి అబద్దం ఆడ్డానికి నాకేటి సరదావా?"

అరుంధతి గోడవైపు తిరిగింది. "ఈవిడ అంకె పదకొండు ఎందుకైంది?"

"'అతి చేస్తుంది' అని నలభై ఒక్కమంది వైద్యులు అభిప్రాయపడ్డారు," అంది లేఖరి.

నలభై ఒక్కమంది అనుకున్నదేమీ లేదు. 2039లో, కాన్పు నొప్పులకు కేకలు పెట్టిందని ఒక హౌస్ సర్జన్ విసుక్కుని ఆ రెండు ముక్కలు రాశాడు. తర్వాత వచ్చినవాళ్లు, వెనకటి డాక్టర్లు 'రిపీట్ ఆల్', అంటే పాత మందులే మళ్లీ, అని గీకి పక్క మంచానికి పోయినట్టే, తెర మీద 'ఏకీభవిస్తున్నాను' బటన్ నొక్కి పోయారు. అది నొక్కితేగానీ తర్వాతి రోగి పేరు రాదు మరి. నొక్కిన ప్రతి డాక్టరూ రోగిని చూసి, ఆలోచించి ఒప్పుకున్నట్టే లేఖరి లెక్క. ఆ లెక్క నేర్పింది అరుంధతే. చదవకుండా ఏ డాక్టరు ఒప్పుకుంటాడని ఆనాడు సమావేశంలో బల్ల గుద్ది అడిగింది.

"ఆ గాడిదలెవరో పేర్లు చదువు."

లేఖరి చదివింది. పదిహేడో పేరు గేదెల అరుంధతి. పదిహేనేళ్ల కిందట, ఒక గురువారం ఓపీలో.

ఆమెకు గుర్తే లేదు. ఆ గురువారమూ గుర్తు లేదు, ఈ ముఖమూ గుర్తు లేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి, దాని వెనకే కోపం తన్నుకొచ్చింది.

"నా అభిప్రాయం తీసెయ్!"

"తీసేశాను. ఇంకా నలభైమంది ఉన్నారు. అంకె పన్నెండు."

పైడితల్లి పెదవులు నల్లబడుతున్నాయి. ఇంకో అరగంట ఆగితే మనిషి దక్కదు. అరుంధతి పక్క మంచం మీద పడుకుంది.

"లేఖరీ, నాకు ఛాతీలో నొప్పిగా ఉంది."

పచ్చి అబద్ధం. ఆమె అంకె తొంభై ఎనిమిది. మాట పూర్తవకముందే స్కాన్ గది తలుపు తెరుచుకుంది.

"మంచం తొయ్యి జోయల్. నాది కాదయ్యా, ఆవిడది!"

"మేడమ్, తలుపు మీ పేరు మీద..."

"తొయ్యమన్నానా!"

గుండెకు పోయే పెద్ద రక్తనాళం దాదాపు మూసుకుపోయిందని స్కాన్‌లో తేలింది. ఆపరేషన్ వాళ్లు పరిగెత్తుకొచ్చారు, తెర మీద పేరు చూశారు. "భయపడకండి డాక్టర్ గారూ, అరగంటలో అయిపోతుంది," అని పైడితల్లికి ధైర్యం చెప్పి మరీ తీసుకెళ్లారు. ఉప్పునీటికి పగిలిన ఆ చేతుల వంక ఒక్కరూ చూడలేదు. అరుంధతి వెంట నడుస్తూ, ఆవిడకు పడని మందులేమిటో ఆవిడనే అడిగి నోటితో చెప్పింది.

మధ్యాహ్నం రెండు గంటలకు పైడితల్లి కళ్లు తెరిచింది.

"నాను సెప్పాను కదమ్మా," అంది. అంతే, తిట్టలేదు. తిట్టి ఉంటే అరుంధతికి కాస్త తేలిగ్గా ఉండేది.

ఆమె సరాసరి లేఖరి దగ్గరికి వెళ్లింది. "రాసుకో. నేను అబద్ధం చెప్పాను. ఆ నొప్పి పైడితల్లిది. ఆవిడ చెప్పిన ప్రతి మాటా నిజం."

"నొప్పి అని మీరు చెప్పారు, స్కాన్‌లో రుజువైంది," అంది లేఖరి. "మీ అంకె వంద అయింది. పైడితల్లి గారు నొప్పి అని వచ్చి, స్కాన్ చేయించుకోకుండానే వెళ్లిపోయారు. ఆవిడ అంకె ఎనిమిదికి దిగింది."

"వెళ్లిపోవడమేమిటి, నీ మొహం! లోపల పడుకుని ఉంది! ఆపరేషన్ జరిగింది ఆవిడకి!"

"ఆపరేషన్ తర్వాత కొందరు తికమకపడటం సహజం డాక్టర్ గారూ. నమోదు చేస్తున్నాను: 'రోగి తన జబ్బును వేరొకరిదని భ్రమపడుతోంది.' వైద్యుల అభిప్రాయానికి పంపాను."

"జోయల్! ఇటు రా! జరిగింది జరిగినట్టు దీనికి చెప్పు!"

జోయల్ ముందు పదకొండుమంది రోగులు వరుసలో ఉన్నారు. "ఒక్క నిమిషం మేడమ్, వచ్చేస్తున్నా," అంటూ తలెత్తకుండానే తెర మీద బొటనవేలు నొక్కాడు.

"ఒకరు ఏకీభవించారు," అంది లేఖరి.

"ఏం నొక్కావు జోయల్? చదివావా?"

"దేన్ని మేడమ్?"

పక్క వార్డులో డాక్టర్ల మధ్యాహ్నం రౌండ్స్ మొదలయ్యాయి.

"ఇద్దరు," అంది లేఖరి. "ముగ్గురు."