ముసాఫర్‌ఖానా లోపలి గొంతు

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే దారిలో, ఊరు ఇంకా రెండు క్రోసులుందనంగా, నల్లరేగడి చేల నడుమ, బాటసారులు తలదాచుకునే ఒక పాత ముసాఫర్‌ఖానా ఉండేది. పొద్దుగూకినాక ఆ పక్క బండి తోలుకుపోయేటోళ్లు ఎద్దుల మెడ గంటలకు గుడ్డ చుట్టి, ఊపిరి బిగబట్టి దాటుకునేటోళ్లంట...

అంత చెడ్డపేరు దానికి.

తాతల కాలంలో వచ్చిన ధాతు కరువు నాడు, ఒక చలిరాత్రి, చంకలో బిడ్డతో ఒక ఆడమనిషి వచ్చి ఆ తలుపు కొట్టిందంట. లోపలున్న కాపలావాడు తియ్యలేదు. తెల్లారి చూస్తే తల్లీబిడ్డా గడప మీదే చల్లబడి ఉండారు. కాపలావాడు అది చూసి, మళ్లా లోపలికి పోయి గడియ వేసుకున్నాడు... ఇంక బయటికి రాలేదు.

అప్పట్నుంచి ఆ ముసాఫర్‌ఖానాలో రెండు దయ్యాలని చెప్పుకునేటోళ్లు. తలుపు కొట్టేది ఒకటి — తియ్యనిది ఒకటి.

ఉరుకుందప్ప ఈ కత వింటా పెరిగినోడే. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటి పిల్లోడు. నాయన లేడు. తల్లి అంజనమ్మ పట్టుబట్టి చదివించింది. పందొమ్మిదొందల యాబై ఏడులో ఉరుకుందప్ప బొంబాయి పోయి, హోటళ్లు నడిపే చదువు చెప్పే కాలేజీలో చేరినాడు. వంట నేర్చుకునేదానికి బొంబాయి దాకా పోవల్నా అని పేటలో నవ్వినారు. అంజనమ్మకు మాత్రం అది గొప్ప. ఇంటికొచ్చిన మనిషికి మర్యాద చేసే చదువంట అని కనపడినోళ్లందరికీ చెప్పుకునేది.

మరుసటేడు వానలు పడేనాటికి సెలవులొచ్చినాయి. ఆదోనిలో రైలు దిగి, సాయంత్రం బస్సెక్కినాడు. సగం దారి దాటినాక బస్సు ఆగిపోయింది. డ్రైవరు ఇంజను మూత తీసి చూసి, తెల్లారేదాకా ఇది కదలదన్నాడు. జనం బస్సులోనే నడుం వాల్చినారు. ఉరుకుందప్ప మాత్రం నడిచిపోతానన్నాడు. దారిలో ఏముందో మర్చిపోయినావా అని ఎవరో అడిగితే, బొంబాయి మొహం చూడనోళ్లకే దయ్యాలు కనపడతాయని నవ్వి, పెట్టె నెత్తినబెట్టుకొని కదిలినాడు.

వాన సరిగ్గా ముసాఫర్‌ఖానా కాడనే పట్టుకుంది.

చుట్టుపక్కల ఇంకో నీడ లేదు. పెట్టె తడిస్తే కాలేజీ బట్టలు పాడైపోతాయి. పరుగెత్తి ముసాఫర్‌ఖానాలో దూరినాడు. గాలికి తలుపు కొట్టుకుంటాంటే మూసి, అడ్డగడియ వేసినాడు. లోపల గబ్బిలాల కంపు. చీకటి ఎట్లా ఉందంటే, తన చెయ్యి తనకు కనపడలేదు. దుమ్ముకు దగ్గొచ్చింది. పెట్టె మీద కూర్చున్నాడు.

కొంచెంసేపు వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

టక్... టక్...

ఉరుకుందప్ప కదల్లేదు. గాలేమో అనుకున్నాడు.

"అప్పా... లోపల ఎవరన్నా ఉండారా..."

ఆడగొంతు. చలికి వణికి వణికి, మాట తెగిపోతాంది.

"బిడ్డకు జరమప్పా... వాన తగ్గేదాకా... రొంత జాగా ఇయ్యి..."

లేచినాడు. లేవలేదనడం అబద్ధం. గడప దగ్గర మనిషి నోరు తెరిచి అడగకముందే ఎదురుపోవాలని కాలేజీలో నేర్పింది గుర్తొచ్చింది. చీకట్లో తడుముకుంటా పోయి గడియ మీద చెయ్యి వేసినాడు.

అప్పుడు వినపడింది — సన్నగా, మూలిగినట్టు, బిడ్డ గొంతు...

తల్లీ, బిడ్డా!

గడియ తీసేదానికి పెట్టిన చేత్తోనే దాన్ని గట్టిగా అదిమి పట్టినాడు. తనదో కాదో తనకే తెలియని గొంతుతో అరిచినాడు.

"పో... తియ్యను... పో!"

అవతల మాట ఆగిపోయింది. కొంచెంసేపటికి, బురదలో అడుగుల చప్పుడు... దూరమై... వానలో కలిసిపోయింది.

రాత్రంతా ఆ గడియ వదల్లేదు.

తెల్లారి తలుపు తీస్తే గడప మీద ఏమీ లేదు. వాన అంతా కడిగేసింది. మనిషి జాడే లేదు. దాంతో ఉరుకుందప్పకు ప్రాణం లేచి వచ్చింది. అది దయ్యమే! దయ్యం గొంతు విని బతికి బయటపడినోడు తానొక్కడే! ఊరి దాకా ఆ సంగతిని మనసులో అల్లుకుంటా నడిచినాడు — యాడ ఆపాలో, యాడ గొంతు తగ్గించాలో. బొంబాయిలో స్నేహితులకు ఎట్లా చెప్పాలో గూడా అనుకున్నాడు.

ఇంట్లో అంజనమ్మ కొంగుతో తల తుడిచింది. ఉరుకుందప్ప గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా... రాత్రి నాకేమైందో తెలుసునా..."

అప్పుడే పక్కింటి హుసేనమ్మ వాకిట్లోకి వచ్చింది. ఒళ్లంతా బురద. భుజం మీద మనవరాలు, నాలుగేండ్ల పిల్ల, తల వాల్చేసి ఉంది. బిడ్డకు జరమొస్తే ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయిందంట. పత్తిబండిలో తిరిగొస్తాంటే, బండోడు మధ్యదారిలో దింపి తన ఊరికి మళ్లినాడంట. ఆన్నుంచి నడక. వానకు దారి కనపడక, తెల్లారేదాకా ఒక చెట్టు కింద కూర్చుందంట.

ఆ పిల్ల బతికింది, వారానికి లేచి ఆడుకుంది. అది ముందే చెప్తున్నా. ఆ పొద్దు మాత్రం పెనం మాదిరి కాలిపోతాంది.

అంజనమ్మ పొడి బొంత పరిచి పిల్లను పండబెట్టి, నువ్వు నేర్చిన చదువేగదా నాయనా, రొంత గంజి కాయమని కొడుకును పొయ్యి దగ్గరికి పంపింది. ఉరుకుందప్ప నూకలు కడిగి ఎసట్లో వేసినాడు. వీపు వెనక హుసేనమ్మ చెప్పుకుపోతాంది. వాన... ముసాఫర్‌ఖానా... దగ్గు వినపడి, ఎవరో ఉండారని ఆశపడి తలుపు కొట్టడం...

"అంటే... ఆ కొట్టేది కనపడిందా?" అంజనమ్మ గుసగుసగా అడిగింది.

"కొట్టింది నేనే గదక్కా. నాకు వినపడింది లోపలిది. తియ్యనిది. పో అన్నది."

గంటె గిన్నెకు తగిలి ఖణేల్‌మంది.

గంజి చల్లార్చి తెచ్చి, ఉరుకుందప్ప పిల్ల తల కింద చెయ్యి పెట్టి తాపించినాడు. ఆ వేడి ఊపిరి వేళ్లకు తగులుతాంది. అది నేనే అని చెప్పబోయినాడు. చెప్పకనే ఇంకో గుక్క తాపించినాడు. తలెత్తి హుసేనమ్మ మొహం చూడను గూడా చాతకాలేదు.

అంజనమ్మ ఆలోచించి అన్నది. "మనిషేనేమో హుసేనమ్మా. భయపడినాడేమో."

హుసేనమ్మ కొంగుతో పిల్ల మూతి తుడిచింది. గొంతులో కోపమన్నది లేదు.

"మనిషి కాదులేక్కా. బిడ్డకు జరమని సెప్పినా గదా... మనిషైతే తీసుండేటోడు."