గంటకు నూట పన్నెండు

"నీలం మూత పాలున్నాయా?"

"ఆకుపచ్చ మూతవే ఉన్నాయి. వెనకగదిలోకి వెళ్లండి."

ఈ కోడ్‌వర్డ్ ఎవరు పెట్టారో గాని, న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో గూఢచారి ఆఫీసుకు ముసుగుగా నడిచే ఈ డెయిరీ కొట్టుకు వచ్చేవాళ్లలో సగంమంది అడిగేది అదే. ఏజెంట్ విఠల్ వెళ్లేసరికి పాల క్రేట్ల మధ్య ఇద్దరు కివీ ముసలమ్మలు అయోమయంగా నిలబడి ఉన్నారు. వాళ్లను మర్యాదగా బయటికి పంపడానికి పది నిమిషాలు పట్టింది. అతని విసుగు ఆ పొద్దునే మొదలయింది.

చీఫ్ శ్రీరామచంద్రమూర్తి ఒక ఫొటో ముందుకు తోశాడు. అప్పుడు 2014 ఫిబ్రవరి.

"రెయిమర్. పైకి స్పీడ్‌బోట్ రేసర్. లోపల విదేశీ ముఠాకు కొరియర్. డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్ ఉంది, నేల మీద చెయ్యి వెయ్యలేం."

"సరుకు?"

"ఒక చిప్. ముఠా హెడ్‌క్వార్టర్స్‌లో మనకు పనిచేస్తున్న మనిషి పేరుంది అందులో. కాపీ చేయబోతే చెరిగిపోతుంది. చదివే మెషీన్ ఒక్క వాళ్ల ఓడలోనే ఉంది. మూడు వారాల్లో ఆ ఓడ వెల్లింగ్టన్ హార్బర్ బయటికొచ్చి ఆగుతుంది. చిప్ కూడా అదే రోజు రెయిమర్‌కి అందుతుంది. తన కాటమరాన్ స్పీడ్‌బోట్‌లో తీసుకెళ్లి ఇచ్చేస్తాడు."

పేరు అడగాల్సిన పని లేదు. హేమశ్రీ. నాలుగేళ్ల కిందట ఆమెను ఆ పులిగుహలోకి పంపింది విఠలే. ఏం జరిగినా నేను చూసుకుంటానని మాటిచ్చిందీ అతనే. చిప్ ఓడెక్కిందంటే ఆమె సాయంత్రం దాకా బతకదు.

"నీకూ ఒక కాటమరాన్ ఇస్తున్నాం. దాని సెటప్ కమల్ చూస్తాడు. రెయిమర్ ఇంజన్లు చూసేది క్రిష్మా అనే అమ్మాయి. మన మనిషే."

"నిజంగా మన మనిషేనా సార్?"

"అనుకుంటున్నాం," అన్నాడు చీఫ్.

కమల్ ఫిజీలో పుట్టిన తెలుగువాడు. హట్ నది సముద్రంలో కలిసేచోట అతని వర్క్‌షాప్. ఇచ్చిన బోటు మాత్రం చూడముచ్చటగా ఉంది. నీళ్లను కోసే కత్తుల్లాంటి రెండు అడుగుభాగాలు, వాటి మధ్య సొరంగం. వేగం పెరిగితే అందులోకి దూరిన గాలే బోటును పైకి లేపుతుంది. వెనక జంట ఔట్‌బోర్డ్ ఇంజన్లు. మొదటి టెస్టులో గంటకు తొంభై నాలుగు మైళ్లు చూపించింది.

మర్నాడు కమల్ ఇంజన్లను అంగుళం కిందికి దించాడు. తొంభై వచ్చింది. ఆ తర్వాత ప్రొపెల్లర్లు మార్చి, ఒక చుట్టుకు తక్కువ దూరం నెట్టే తక్కువ పిచ్‌వి బిగించాడు. ఎనభై ఆరు.

"అంకుల్, అందరూ స్పీడ్ పెంచుతారు. మీరు తగ్గిస్తున్నారేంటి?"

"నువ్వు నంబర్ చూస్తున్నావు బాబూ. నేను నీళ్లు చూస్తున్నా."

"నీళ్లు చూసుకుంటూ కూర్చుంటే అవతల మనిషి ప్రాణం పోతుంది!"

విఠల్ హెల్మెట్ నేలకేసి కొట్టాడు. కమల్ దాన్ని తీసి, తుడిచి, మళ్లీ అతని చేతికే ఇచ్చాడు. ఆ నిదానం చూస్తే విఠల్‌కు ఒళ్లు ఇంకా మండింది.

మరోవైపు క్రిష్మా నుంచి మెసేజ్‌లు వస్తున్నాయి. రెయిమర్ బోటు నూట నాలుగు. వారం తిరక్కుండా నూట ఎనిమిది. చివరికి నూట పన్నెండు. శత్రువు బోటును ఇంత శ్రద్ధగా చూసుకునే స్నేహితురాలిని విఠల్ ఎక్కడా చూడలేదు.

ఇక ఆగలేక పెయింట్ సేల్స్‌మన్ వేషంలో మెరీనాకు వెళ్లాడు. పెద్ద టోపీ, గుబురు మీసం. ఎర్రటి రేసింగ్ సూట్‌లో, నల్లకళ్లద్దాలతో క్రిష్మా డెక్ మీద వంగి బోల్టులు బిగిస్తోంది. అటుగా పోయేవాళ్లంతా ఓసారి ఆగి చూసి మరీ వెళ్తున్నారు. రెయిమర్ కాస్త దూరంలో కాఫీ తాగుతున్నాడు.

"ఇంజన్లు ఇంకా పైకెత్తుతున్నావా?" అన్నాడు విఠల్ పళ్ల బిగువున.

"అవును. ఇంజన్ కింది లెగ్ నీళ్లలో ఎంత తక్కువ మునిగితే అంత స్పీడ్. ఆయనకి నంబర్ కావాలి, ఇస్తున్నా."

"ఇంతకీ నువ్వెవరి పక్షం?"

"ముందు నీ మీసం పట్టుకో."

ఆలస్యమైపోయింది. వెల్లింగ్టన్ గాలి మీసాన్ని లాక్కుని పోయి రెయిమర్ కాఫీ కప్పు పక్కన పడేసింది. రెయిమర్ దాన్ని చూశాడు, విఠల్‌ను చూశాడు, చిన్నగా నవ్వాడు. ఇన్నేళ్ల సర్వీసులో విఠల్‌కు అంత తలవంపు ఎప్పుడూ కలగలేదు.

ఓడ వచ్చిన రోజు మధ్యాహ్నం దక్షిణపు గాలి మొదలయింది. అయినా రెయిమర్ క్రిష్మాను ఎక్కించుకుని బయల్దేరాడు. వెనకే విఠల్, వీల్ దగ్గర కమల్. ఒడ్డుకు రెండు వందల మీటర్ల లోపు గంటకు ఆరు మైళ్లు దాటకూడదని ఇక్కడి రూలు. హార్బర్ వాళ్ల కళ్లలో పడటం ఇద్దరికీ ఇష్టం లేదు. అలా ఒక విదేశీ గూఢచారీ, అతన్ని తరిమే గూఢచారీ బాతుల జంటలా ఒకరి వెనక ఒకరు నింపాదిగా సాగారు. తమను దాటిపోయిన కయాక్‌ను చూసి విఠల్‌కు ఏడుపొచ్చినంత పనయింది.

హద్దు దాటగానే రెయిమర్ బోటు గర్జించింది. రెండు నిమిషాల్లో చుక్కంత అయిపోయింది.

"ఇంకా తొక్కండి అంకుల్!"

"ఇదే ఫుల్."

హార్బర్ ముఖద్వారం దాటగానే అలలు గోడల్లా లేచాయి. కమల్ బోటు దబదబా కొట్టుకుంటూనే అరవై ఏడు దగ్గర నిలబడింది. ప్రొపెల్లర్లు నీళ్లను వదల్లేదు. ముందున్న చుక్క కాసేపటికి బోటు ఆకారంలోకి వచ్చింది. విఠల్ బైనాక్యులర్స్ తుడుచుకుని మళ్లీ చూశాడు. రెయిమర్ బోటు అల మీంచి ఎగిరిన ప్రతిసారీ ఇంజన్లు గాల్లో కీచుమంటున్నాయి. ఉన్నట్టుండి రెండూ నీరసపడ్డాయి.

కాని ఓడ దగ్గరే ఉంది. పైనుంచి తాడుతో బుట్ట దించుతున్నారు. రెయిమర్ ఈడ్చుకుంటూ దాని కిందికి చేరి, చిప్ ఉన్న సంచిని పైకెత్తాడు.

కమల్ తన బోటును రెయిమర్ బోటు పక్కకు తెచ్చి ఆనించాడు. సంచి బుట్ట అంచుకు జానెడు దూరంలో ఉండగా విఠల్ దూకాడు. ఇద్దరూ కలిసి మంచులాంటి నీళ్లలో పడ్డారు. విఠల్ పైకి తేలేసరికి సంచి అతని చేతిలో ఉంది. ఓడ మీద ఎవరో తుపాకీ తీశారు గాని, ఆ పక్కనుంచే ప్యాసింజర్ ఫెర్రీ పోతోంది. డెక్ నిండా టూరిస్టులు ఫొటోలు తీస్తున్నారు. తుపాకీ లోపలికి వెళ్లిపోయింది.

అప్పటికే కమల్ బోటులోకి దూకిన క్రిష్మా చెయ్యందించి విఠల్‌ను పైకి లాగింది. రెయిమర్‌ను ఓడవాళ్లకు వదిలేసి కమల్ బోటు తిప్పాడు.

"ఇంజన్లు పైకెత్తితే కూలింగ్ నీళ్లు లాగే రంధ్రాలూ పైకొస్తాయి," అంది. "చదునైన నీళ్లలో పర్లేదు. అలల్లో గాలి తాగుతాయి. ఇంజన్ వేడెక్కుతుంది, కంప్యూటరే పవర్ తగ్గించేస్తుంది. ఆయన టెస్టులన్నీ నేను గాలి లేని పొద్దుటిపూటే చేయించా. నంబర్ పెరుగుతుంటే ఏ రేసరూ ఇంకో ప్రశ్న అడగడు."

"నాకు ముందే చెప్పొచ్చుగా!"

"మీసం ఎగిరిన రోజు నుంచీ ఆయన నీ టెస్టులు చూస్తున్నాడు. రోజురోజుకీ స్పీడ్ తగ్గుతోంది, నువ్వు రోజూ హెల్మెట్ విసిరికొడుతున్నావు. ఆ ఏడుపు మొహం చూసే ధైర్యంగా ఈ గాలిలో బయల్దేరాడు. చెప్పుంటే నీకు అంత బాగా వచ్చేదా?"

విఠల్ కమల్ వైపు చూశాడు. కమల్ నీళ్లను చూస్తున్నాడు.

ఒడ్డు చేరేసరికి సీక్రెట్ లైన్‌లో హేమశ్రీ మెసేజ్ వచ్చి ఉంది. ఇక్కడ జరిగిందేదీ ఆమెకు తెలియదు, తెలియకూడదు కూడా. విఠల్ తడిచేతులతో దాన్ని తెరిచాడు. ఆమె క్షేమంగా ఉంది, మంచి కోపంగా కూడా ఉంది. "సార్, నా లీవ్ అప్లికేషన్ మూడు వారాలుగా మీ దగ్గరే ఉంది. ఒక్క సంతకం పెట్టడానికి తీరిక లేనంతగా ఏం చేస్తున్నారు అక్కడ?"

విఠల్ జవాబు కొట్టాడు. "బోటు షికారు."