వెల్లుల్లి సూపులో కారు

విలెం కారు వంపులో గాల్లోకి లేచి, ట్రాక్ అంచు దాటి, తిన్నగా వెళ్ళి ఆ అమ్మాయి వెల్లుల్లి సూపులో పడింది.

అరచేతిలో పట్టేంత కారే. కానీ గిన్నె కూడా పెద్దదేం కాదు. సూపు ఆమె స్వెట్టర్ మీదికి, పక్కనున్న రొట్టె మీదికి, గోడకున్న క్యాలెండర్ మీదికి చిమ్మింది.

దుబ్రావ ఊళ్ళో చలికాలం శనివారాలన్నీ ఇలాగే గడుస్తాయి. అందరూ అత్త అని పిలిచే క్వెటా బీరుకొట్టు వెనకాల హాల్లో చెక్కతో చేసిన ట్రాక్ ఉంది. దాని మీద పొడుగునా గాడులు, గాడికో కారు, కారుకో మనిషి. చేతిలో మీట నొక్కితే గాడి పక్క రేకులోంచి కరెంటు అంది కారు ఉరుకుతుంది. వంపులో ఒక పిసరు ఎక్కువ నొక్కితే ఎగిరిపోతుంది. ఎగిరినవాటిని తెచ్చి మళ్ళీ గాడిలో పెట్టడానికి వంపుకొకరు నిలబడాలి. ముందు ఆడినవాళ్ళే తర్వాతి ఆటకు నిలబడాలన్నది అక్కడ ఆడే క్లబ్బు ఆనవాయితీ. ఆ పూట పెద్ద వంపు దగ్గర వంతు ఆ అమ్మాయిది. ఆకలేసి సూపు గిన్నె కూడా పక్కన పెట్టుకుంది.

ఆమె కంగారు పడలేదు. ట్రాక్ మీద బోల్తా పడి ఉన్న ఇంకో కారును ముందు తీసి గాడిలో పెట్టింది.

"నాది," అన్నాడు విలెం అవతలి వైపు నుంచి.

"తెలుసు. మొదట పడింది మొదట. మీది రెండోది. పైగా స్నానం చేస్తోంది."

హాలంతా నవ్వింది. ఆమె చెంచాతో కారును పైకి తీసి, రెండుసార్లు విదిలించి, గాడిలో పెట్టింది. అది సూపు చుక్కలు రాలుస్తూ, ఎప్పుడూ పోనంత నెమ్మదిగా చుట్టూ తిరిగి వచ్చింది.

ఆట అయ్యాక విలెం కొట్టు ముందు భాగానికి వెళ్ళి, వేడి సూపు ఇంకో గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఇది క్షమాపణా, సూపా?"

"సూపు."

"బాగుంది. రెండోది రుచిగా ఉంటుంది," అని తినడం మొదలుపెట్టింది.

ఆమె పేరు బ్లాంకా అనీ, వావ్రా గారి కూతురనీ, యిహ్లావా పట్నంలో ఉంటూ కట్టుడు పళ్ళు చేసే చోట పని చేస్తోందనీ క్వెటా అత్త చెప్పింది. విలెం అడగలేదు. అడక్కపోయినా చెప్పడమే క్వెటా అత్త పని.

వావ్రా గారంటే ఆ క్లబ్బులో అందరికీ కొంచెం భయం. కొట్లో కొన్న కారును అక్కడ పందెంలోకి రానివ్వరు. చాసిస్, అంటే కారు అడుగు చట్రం, ఎవరిది వాళ్ళే చేసుకోవాలి, ఇంకొకరి చెయ్యి పడకూడదు. పియానో తీగ వంచి, ఇత్తడి రేకు కోసి, టంకం పెట్టి అతకాలి. పందేనికి ముందు ప్రతి కారునూ వావ్రా గారు తిరగేసి భూతద్దంతో చూస్తారు. అతుకును చూసి అది ఎవరి చెయ్యో చెప్పేస్తారు. విలెం అతుకు వెడల్పుగా ఉంటుంది. పాలకేంద్రంలో పాలు పితికే యంత్రాలు బాగుచేసే చెయ్యి, మళ్ళీ ఊడకూడదన్న భయం ఆ చేతిది. ఆకురాయితో రుద్ది, గుడ్డతో తుడిచి గానీ వదలడు. బ్లాంకా అతుకు బియ్యపు గింజంత. రుద్దదు. రుద్దక్కర్లేకుండా పెడుతుంది.

అయినా ఆమె కారు వంపుల్లో గెంతేది. ఎందుకో విలెం వినే కనిపెట్టాడు. రెండు శనివారాలు నోట్లో దాచుకుని, మూడోవారం చెప్పాడు.

"మీ చాసిస్ మోగట్లేదు."

"మోగాలా? అది కారా, ఆవు మెడలో గంటా?"

"పక్క రేకులు కీళ్ళ మీద వదులుగా ఊగాలి. మీవి బిగుసుకుపోయాయి. టంకం కీలు లోపలికి పాకింది."

ఆమె కారును చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చప్పుడు లేదు. అతని కారు తీసుకుని ఊపింది. గలగలమంది.

"పాకకుండా ఏం చెయ్యాలి?"

"ముందు కీలు మీద మార్కర్‌తో నల్లగా గియ్యాలి. నలుపున్న చోట టంకం అంటదు."

"మూడు ముక్కలు మాట్లాడారు ఇవ్వాళ. అలసిపోయారా, కూర్చుంటారా?"

విలెం నవ్వాడు. నవ్వినట్టు బయటికి పెద్దగా తెలియలేదు గానీ, ఆమె చూసింది.

పై వారం నుంచి ఆమె కారు మోగింది. సన్నగా, తొందరగా, చిన్న గాజుల చప్పుడులా. వంపులకు అతుక్కుని పోయేది. జనవరికల్లా ఆమె విలెంతో సమానమైంది. ఫిబ్రవరిలో ఒక వారం ఆమె, ఒక వారం అతను. ఇద్దరూ పక్కపక్క గాడుల్లో ఆడుతుంటే క్వెటా అత్త బీరు పోయడం మానేసి గుమ్మంలో నిలబడేది.

"ఇంకా ఎన్నాళ్ళు ఒకరినొకరు మీరు మీరు అనుకుంటారు? ముసలి గుమాస్తాల్లా," అంది ఒకసారి.

"మొదలుపెట్టాల్సింది నేనే కదత్తా. నువ్వు అని ముందు ఆడపిల్లే అనాలి, అదే మన ఆచారం," అంది బ్లాంకా. "ఆలోచిస్తున్నా."

విలెం తన కారు చక్రం తుడుచుకున్నాడు. తుడిచిన చక్రమే మళ్ళీ తుడిచాడు.

మార్చిలో ఆఖరి పందెం. మూడు గుంపులుగా ఆడి, గంట మోగేలోపు అందరికన్నా ఎక్కువ చుట్లు తిరిగినవాళ్ళే గెలిచినట్టు. గెలిచిన ఒక్కరు బ్రనో నగరంలో జరిగే పెద్ద పోటీకి క్లబ్బు తరఫున వెళ్తారు. ఒక్కటే చోటు. అది బ్లాంకాదో విలెందో అని ఊరంతా అనుకుంటోంది. చిన్నప్పుడు నాన్నతో బ్రనో వెళ్ళి కుర్చీ ఎక్కి చూసిన పోటీ అది. ఈసారి కింద నిలబడి ఆడాలని బ్లాంకా కోరిక. ఆ మాట విలెంకి ఒక్కడికే చెప్పింది.

శుక్రవారం సాధన అయ్యాక కార్లన్నీ హాల్లో అరమీద వదిలి వెళ్ళారు. శనివారం పొద్దున పొయ్యి రాజెయ్యడానికి విలెం అందరికన్నా ముందు వచ్చాడు. పొయ్యి అంటుకుంది. చేతులు కాచుకుని అర దగ్గరికి వెళ్ళి చూశాడు. బ్లాంకా కారు ఎడమ కీలు దగ్గర అతుకు చిట్లి ఉంది. వెంట్రుకంత గీత. వంపులో నాలుగుసార్లు ఊగితే ఊడుతుంది.

బయట మంచు పడుతోంది. యిహ్లావా బస్సు ఆలస్యం. ఆమె దిగేసరికి తనిఖీ మొదలైపోతుంది. ఆమె ఫోన్ నంబరు అతని దగ్గర లేదు. అయిదు నెలల్లో అడగలేదు.

విరిగినదాన్ని చూస్తే బాగుచెయ్యడం అతని చేతికి అలవాటు. టంకం పెట్టే కడ్డీ వేడెక్కాక గానీ నియమం గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి అతుకు పడిపోయింది. పడ్డాక, ఊరికే వదల్లేక, ఆకురాయితో రుద్దాడు.

తనిఖీ బల్ల దగ్గర వావ్రా గారు కూతురి కారును తిరగేశారు. భూతద్దం పెట్టారు. ఇంకోసారి దగ్గరగా చూశారు.

"ఈ ఎడమ అతుకు నీదేనా?"

బ్లాంకా టోపీ మీద ఇంకా మంచు ఉంది. వంగి చూసింది.

"కాదు నాన్నా."

హాల్లో వాళ్ళు బల్ల చుట్టూ మూగారు.

"ఎవరిదో నాకు తెలుసు. వాళ్ళే చెప్తే బాగుంటుంది."

"నాదే," అన్నాడు విలెం.

"ఎందుకు?" అంది బ్లాంకా.

"చిట్లింది."

"ఇంకో చెయ్యి పడితే కారు పందెంలో నడవదని తెలుసుగా మీకు."

"తెలుసు."

"నా కారు నడవకపోతే బ్రనో ఎవరు వెళ్తారో కూడా తెలుసుగా."

అతను కారు కీలు వైపు చూశాడు. వెనకాల రొట్టెల బట్టీ నడిపే బోరెక్ గట్టిగానే గొణిగాడు, "మౌనంగా ఉండేవాళ్ళ దగ్గరే ఉంటాయి ఉపాయాలన్నీ." బ్లాంకా ముఖం వాడిపోయింది. ఆమె కోప్పడి ఉన్నా అతను తట్టుకునేవాడే.

వావ్రా గారు భూతద్దం తుడిచి జేబులో పెట్టుకున్నారు. "మొదటి గుంపు ఆట అయ్యేదాకా టైముంది. ఈ అతుకు నీ చేత్తో విప్పి నీ చేత్తో వేస్తే కారు నడుస్తుంది. పట్టుకోవడానికి ఎవరి సాయమైనా తీసుకోవచ్చు. నేను పట్టకూడదు."

"మరి ఇతని సంగతి?" అన్నాడు బోరెక్.

"పోటీదారుడి కారు బాగుచేసినవాడికి నియమాల్లో శిక్ష లేదు. అలాంటివాడు ఒకడు వస్తాడని రాసినవాళ్ళు అనుకోలేదు."

కిటికీ పక్క బల్ల మీద బ్లాంకా పరికరాలు పరిచింది. చుట్టూ చూసింది. ఆఖరికి విలెంతో అంది.

"రండి. పట్టుకోండి. మాట్లాడకండి."

"మాట్లాడను."

"అదే మీ జబ్బు." అతుకు మీద వేడి పెట్టింది. టంకం కరిగి కారింది. "చెప్పండి. ఎందుకు చేశారు?"

మొదటి గుంపు కార్లు రయ్యిమని తిరుగుతున్నాయి. విలెం ఇత్తడి రేకును వేలితో నొక్కి పట్టుకుని, రేకు వైపే చూస్తూ చెప్పాడు.

"ఆడేటప్పుడు నేను నా కారు చూడను. మీ కారు చప్పుడు వింటాను. అది ఎక్కడుందో తెలిస్తే నాది ఎక్కడుండాలో తెలుస్తుంది. ఇంటికెళ్ళినా చెవిలో అదే ఉంటుంది. వారమంతా ఉంటుంది. ఆ కీలు ఊడితే చప్పుడు ఆగిపోతుంది. అంతకుమించి ఏం ఆలోచించలేదు. ఆలోచించాల్సింది."

ఆమె కీలు మీద మార్కర్‌తో గీసి, కొత్త టంకం పెట్టింది.

"ఇన్నాళ్ళలో మీరు మాట్లాడినవాటిలో ఇదే పొడుగైనది."

"అవును."

"నాకు ఫోన్ చెయ్యాల్సింది."

"నంబరు లేదు."

"అది ఎవరి తప్పు?"

"నాదే."

"వేలు కాలుతోంది మీది."

"తెలుసు."

"తియ్యండి మరి."

"టంకం ఇంకా గట్టిపడలేదు."

ఆమె వంగి ఊదింది. అతుకు మీదే ఊదింది గానీ, వేలికి కూడా తగిలింది. వావ్రా గారు వచ్చి చూశారు. బియ్యపు గింజంత అతుకు. తల ఊపి వెళ్ళారు.

రెండో గుంపులో విలెం ఆడాడు. బాగా ఆడాడు, అందరికన్నా ఎక్కువ చుట్లు అతనివే. మూడో గుంపు బ్లాంకాది. ఆనవాయితీ ప్రకారం విలెం వెళ్ళి పెద్ద వంపు దగ్గర నిలబడ్డాడు.

ఆమె కారు గాజుల చప్పుడుతో వచ్చింది, పోయింది, వచ్చింది. విలెం లెక్కను దాటేలా ఉంది. ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా బోరెక్ కారు వంపులో అడ్డం తిరిగి అటు అంచున పడింది. దాన్ని తగిలి బ్లాంకా కారు ఇటు అంచుకు ఎగిరింది.

ఆమె కారే అతని చేతికి దగ్గర. హాలంతా ఆ చేతినే చూస్తోంది. విలెం ముందు అటు వంగి బోరెక్ కారు గాడిలో పెట్టాడు. తర్వాత ఇటు వంగి ఆమెది పెట్టాడు.

గంట మోగింది. వావ్రా గారు టేపుతో కొలిచారు. చుట్లు సమానమే గానీ, విలెం కారు ఆగిన చోటుకు బ్లాంకా కారు జానెడు తక్కువ.

జనం బీరు కోసం కొట్టు ముందు భాగానికి వెళ్ళిపోయారు. బోరెక్ మాత్రం ఆగి, విలెం భుజం మీద ఒకసారి తట్టి వెళ్ళాడు. బ్లాంకా ట్రాక్ చుట్టూ తిరిగి వంపు దగ్గరికి వచ్చింది. కళ్ళు కొంచెం ఎర్రగా ఉన్నాయి.

"నాది ముందు పెట్టుంటే నేనే గెలిచేదాన్ని."

"అవును."

"బ్రనో వెళ్ళేదాన్ని. కానీ మళ్ళీ మీ ముఖం చూసేదాన్ని కాదు. మొదట పడింది మొదట."

కీళ్ళ మీద గీసే నల్ల మార్కర్ జేబులోంచి తీసి, అతని చెయ్యి తిప్పి, కాలిన వేలు తగలకుండా అరచేతిలో నంబరు రాసింది. మూత పెట్టి మార్కర్ జేబులో వేసుకుంది.

"బ్రనోలో నీ చాసిస్ పట్టుకోవడానికి ఎవరైనా కావాలా?"

నీ అన్న మాట విలెంకి వినపడింది. అరచెయ్యి మూస్తే రాత చెదురుతుందని తెరిచే ఉంచాడు.

"కావాలి."

"ఎవరు?"

"నువ్వు."

వెనకాల ఎవరో దగ్గారు. వావ్రా గారు, కోటు గుండీలు పెట్టుకుంటూ.

"ఆ అతుకు," అన్నారు విలెంతో. "పై వైపు రుద్దావు, సరే. కింది వైపు కూడా రుద్దావు. కింది వైపు నేను తప్ప ఇంకెవరూ చూడరు. ఊరికే చిట్లింది కదా అని బాగుచేసేవాడు అంత రుద్దడు."

విలెం చెవులు ఎర్రబడ్డాయి. వావ్రా గారు తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"రేపు ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రా. వెల్లుల్లి సూపు ఉంటుంది. కారు మాత్రం ఇంటి దగ్గర వదిలేసి రా."